మాటలకు ఒక్కపొద్దున్న ఇల్లు

పత్తికొండ కోచింగ్ సెంటర్లలో కొత్తగా చేరిన కుర్ర మాస్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు ఎండల గురించీ బస్సుల గురించీ మాట్లాడి, చివరికి అడిగేది ఒకటే. "సార్, ఐదో తరగతి పిల్లోల్లను ప్రవేశ పరీక్షకు తయారు చేయాలంటే ఇంగ్లీషు ఏ పుస్తకంతో మొదలుపెట్టాల?"

ఏదైనా ఒకటేనని చెబుతాను. పుస్తకం బాగాలేక సీటు పోగొట్టుకున్న పిల్లను నేను ఇంతవరకూ చూడలేదు. ఈ జవాబు వాళ్లకు రుచించదు. ముసలాయన తన గుట్టు బయటపెట్టడం లేదనుకుని లేచిపోతారు. గుట్టేమీ లేదు. చెప్పవలసింది మాత్రం ఒకటుంది. అది కాఫీ తాగేలోపు అయ్యేది కాదు కాబట్టి రాసిపెడుతున్నాను.

అసలు పని

మాది కోడుమూరు దగ్గర పల్లె. మా నాయన ఊరి చర్చిలో ఉపదేశి. ఆదివారం వాక్యం చెప్పి, సోమవారం పొద్దున్నే అందరితోపాటు కూలికి పోయేవాడు. నేను ఇంగ్లీషు చదువుకుని కొన్నాళ్లు ప్రైవేటు బళ్లలో పనిచేశాను. తర్వాత పత్తికొండలో ఒక కోచింగ్ సెంటర్లో చేరి రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

ఆరో తరగతిలో చేర్చుకోవడానికి ఇంగ్లీషులో పరీక్ష పెట్టే పెద్ద వసతి బడులు కొన్ని ఉన్నాయి. పొద్దున రాత పరీక్ష, మధ్యాహ్నం నోటి పరీక్ష. చుట్టుపక్కల పల్లెల పిల్లలు సాయంత్రం బడి వదిలాక బస్సుల్లోనో ఆటోల్లోనో మా దగ్గరికి వచ్చేవాళ్లు. దసరా సెలవులు అయ్యాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు వాళ్లను తయారుచేయాలి. తెలుగు మీడియం పిల్ల, ఇంగ్లీషు అక్షరాలు తప్ప మాటలు ఎరగని పిల్ల, ఆ నాలుగు నెలల్లో కొత్తవాళ్ల ముందు కూర్చుని ఇంగ్లీషులో బదులు చెప్పాలి.

ఇంగ్లీషు మాస్టరంటే ఇంగ్లీషు చెప్పేవాడని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి సగం పని పిల్ల భయం తీయడం. మిగతా సగం పిల్ల తల్లిదండ్రుల భయం తీయడం. మొదటి సగం నాకు బాగానే వచ్చు. రెండో సగం మా దగ్గర ఎప్పుడూ యజమానే చూసుకునేవాడు.

ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. వాడికి "మా నాన్న రైతు" అని ఇంగ్లీషులో నేర్పి, వెనక్కీ ముందుకూ చెప్పించాను. వాడు పరీక్షకు పోయిన వారంలోనే పత్తికొండ మార్కెట్లో టమోటాకు ధర లేక రైతులు గంపలకు గంపలు రోడ్డు మీద పారబోశారు. నోటి పరీక్షలో మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే వీడు, "మై ఫాదర్ ఈజ్ త్రోయింగ్ టమోటాస్" అన్నాడట. అడిగినవాళ్లు మొదట నవ్వి, తర్వాత నవ్వు ఆపి, సీటిచ్చారు. నేను నేర్పిన వాక్యం అది కాదు. నేను నేర్పిన వాక్యాలన్నిటికంటే మంచి ఇంగ్లీషు అదే. పిల్లలకు నాలుగు మాటలిచ్చి పక్కకు తప్పుకుంటే వాళ్ల ఇంటి సంగతి వాళ్లే చెబుతారని అప్పటినుంచి నమ్మాను.

పెద్దసారు

మా యజమానిని అందరం పెద్దసారు అనేవాళ్లం. చెడ్డవాడు కాడు. పిల్లకు జ్వరమొస్తే తన బండి మీదే ఊరికి దింపి వచ్చేవాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, మైకు. అది చేతికి దొరికితే ఆయన మనిషిగా ఉండడు.

దసరా తర్వాత మొదటి ఆదివారం తల్లిదండ్రుల మీటింగు ఉండేది. ఏటా అదే ఉపన్యాసం. "రేపటి నుంచి మీ ఇంట్లో ఒక్క తెలుగు మాట వినపడకూడదు. పిల్ల చెవిన తెలుగు మాట పడిందా, కుండెడు పాలల్లో చుక్క మజ్జిగ పడినట్టే. నా చదువంతా విరిగిపోతుంది. తర్వాత నన్ను అడగొద్దు."

ముందు వరసలో కూర్చునే టౌను వాళ్లు, అంగళ్లవాళ్లు, టీచర్లు, గట్టిగా తలలూపేవాళ్లు. బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటూ అదే పిల్లను తెలుగులో తిట్టేవాళ్లు. సిగరెట్టు పెట్టె మీద రాసిన మాట లాంటిదే ఇదీ అనుకునేవాణ్ణి. రాయాలి కాబట్టి రాస్తారు, తాగేవాడు తాగుతూనే ఉంటాడు. ఆ మాటను అక్షరాలా పట్టుకుని ఇంటికి తీసుకుపోయే మనిషి వెనక వరసలో కూర్చుని ఉంటాడని మాలో ఎవరికీ తట్టలేదు.

ఈశ్వరి

ఆయన పేరు సుంకన్న. టమోటా, వేరుశనగ పండించుకునే మెట్ట రైతు. మార్కెట్లో సరుకు దించి, భుజాన తువ్వాలుతో నేరుగా మీటింగుకు వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నాడు. ఇంట్లో ఆయన, భార్య లక్ష్మీదేవి, తల్లి గిడ్డమ్మ, ఒక్కగానొక్క కూతురు ఈశ్వరి.

ఈశ్వరి చేరిన కొత్తలో ఉత్త వాగుడుకాయ. వాక్యం ఇంగ్లీషులో మొదలుపెట్టి, మాట దొరక్క తెలుగులోకి దూకి, అక్కణ్ణుంచి వాళ్ల అవ్వ దగ్గరికి పోయేది. ఏ పాఠం చెప్పినా చివరికి అవ్వే. "మా అవ్వకు శానా కథలొస్తాయి సార్. యాడా ఇననివి. ఆమే కట్టి చెప్తాది. రోజుకింత చెప్పి నిలుపుతాది" అనేది.

రానురాను ఆ పిల్ల నోరు మూతపడింది. పరీక్ష దగ్గరపడుతుంటే పిల్లలు నెమ్మదించడం మామూలే, అదే అనుకున్నాను. పైగా మార్కులు పెరుగుతున్నాయి. పెద్దసారు ఆమె జవాబు కాగితాలు తక్కిన పిల్లలకు చూపించేవాడు.

జనవరిలో ఒక సాయంత్రం బస్టాండులో ఆమెను చూశాను. బుడ్డలు, అదే వేయించిన వేరుశనగ కాయలు, అమ్మే ఆమె బండి పక్కన నిలబడి ఉంది. ఆ బండామె ఎవరో కండక్టరుతో చిల్లర కోసం వాదులాడుతోంది. ఈశ్వరి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ, సినిమా చూస్తున్నట్టు నిలబడింది. ఎదురుగా ఆమె ఊరి బస్సు కదిలిపోయింది.

"బస్సు పోయింది కదా పాపా, ఎక్కలేదా?" అన్నాను.

"ఇంగో బస్సుండాది సార్."

"ఇంటికి తొందరగా పోవాలని లేదా?"

బండామె వైపే చూసింది. తర్వాత, "ఇంట్లో నాతో ఎవురూ మాట్లాడరు సార్. ఈడైతే ఎప్పుడూ మాట్లాడతాంటారు" అంది.

ఆలుమగలు కొట్లాడుకుని ఉంటారు, ఆ కోపం పిల్ల మీద చూపిస్తున్నారు అనుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక స్కూటరు వేసుకుని వాళ్ల ఊరికి పోయాను.

పల్లెలో

వాళ్ల వీధిని గేరి అంటారు. ఆ గేరి మొదట్లో కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలతో నిలబడి గలగలా మాట్లాడుకుంటున్నారు. ఈశ్వరి బిందె తీసుకుని అటు వచ్చింది. అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. ఒకామె ఆ పిల్లకు దారి ఇచ్చింది, ఇంకొకామె బిందె ఎత్తి నడుమున పెట్టింది, ఒక్కరూ పలకలేదు. ఆ పిల్ల మలుపు తిరిగాక మళ్లీ మాటలు మొదలయ్యాయి. ఈ ఇంటిని ఊళ్లోవాళ్లు వెలివేశారేమో అనుకున్నాను.

ఇంట్లో ఇంకా విచిత్రం. లక్ష్మీదేవి కూతురికి చేత్తోనే అన్నం తిను అని సైగ చేసింది. అవ్వ గిడ్డమ్మ గడప పక్కన కూర్చుని విత్తనానికి బుడ్డలు ఒలుస్తోంది. మనవరాలు దగ్గరికొచ్చి కూర్చుంటే తల నిమిరి, పెదవుల మీద వేలు అడ్డంగా పెట్టుకుని చూపించి, నవ్వింది. ఆ పిల్ల కూడా అలాగే వేలు పెట్టుకుంది.

సుంకన్న నన్ను పెరట్లోకి, గడ్డివామి వెనక్కి తీసుకుపోయాడు.

"ఏం జరిగింది సుంకన్నా? పాపతో ఎందుకు మాట్లాడటం లేదు?" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "పెద్దసారు చెప్పినాడు గదా సార్, ఇంట్లో తెలుగు మాట ఇనపడగూడదని. మాకు ఇంగ్లీషు యాడొస్తాది? వచ్చేది తెలుగొకటే. అందుకని నోర్లు మూసుకున్నాం."

"అందరూనా?"

"అందరమూ. గేరిలోళ్లకు గూడా చెప్పుకుంటి. పాప ముందర మాట్లాడొద్దండప్పా, చదువు ఇరిగిపోతాదని. పాపం, అందరూ ఒప్పుకునిరి. మన గేరి నుంచి ఒగ పిల్ల పైకొస్తాందంటే ఎవురు కాదంటారు సార్?"

ఆయన గొంతులో గర్వం ఉంది. ఆ గర్వం చూశాక నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. సుంకన్న మొండివాడు కాడు, మూర్ఖుడు కాడు. తనకు తెలియని పని చేస్తున్నప్పుడు తెలిసినవాడు చెప్పినట్టు చేయాలనుకునే మనిషి. మందు డబ్బా మీద ఎంత రాస్తే అంతే కలిపి కొట్టే రైతు.

ఇంతలో గిడ్డమ్మ చేట పట్టుకుని అక్కడికే వచ్చింది. పాప వినదని తెలిశాక ఆమె మాటలకు అడ్డూ ఆపూ లేదు.

"ఒక్కపొద్దుండామప్పా" అంది. "శనివారం కూటికి ఉంటాం, పీర్ల పండగకు ఉంటాం. పిల్ల కోసరం మాటకు ఉండలేమా? దినమంతా కడుపుబ్బుతాది. పాప బడికి పోయినంక బర్రెతో మాట్లాడుకుంటా. అది పాపం తల ఊపుతాది."

మా చర్చి వాళ్లు కూడా ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో ఒక్కపొద్దు ఉంటారు. అన్నం మానితే దేవుడు వింటాడని నమ్మే సీమ మాది. మాట మానితే చదువు వస్తుందని నమ్మడం వీళ్లకు కష్టం కాలేదు.

ఆమె కొంగు చివర ఒక ముడి ఉంది. నేను చూస్తున్నానని చూసి దాన్ని పట్టుకుని చూపించింది. "ఒగ కథ సగానికి చెప్పి నిలిపేస్తి, మీ పెద్దసారు మాటొచ్చె. అది ఈడ కట్టి పెట్టుకున్నా. పరీక్ష అయినంక ఇప్పి చెప్తానని సైగ చేస్తే పాపకు అర్థమాయ." చీర మార్చినప్పుడల్లా కొత్త చీరకు మళ్లీ ముడి వేసుకునేదట.

"నేనూ మాస్టర్నే. నేను చెబుతున్నాను, ఈ రోజు నుంచే మాట్లాడండి. ఇంగ్లీషు ఎక్కడికీ పోదు" అన్నాను సుంకన్నతో.

"మీరు మంచోళ్లు సార్" అన్నాడాయన, నా మనసు నొప్పించకుండా. "కానీ పెద్దసారు చెప్పాల."

ఇంకొన్నాళ్లు ఓర్చుకో

మర్నాడు పెద్దసారుకు అంతా చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు. కదిలిపోయాడనే అనుకున్నాను. సుంకన్నకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"సుంకన్నా, నీలాంటి తండ్రిని నేను చూడలేదయ్యా. ఇంతదూరం వచ్చినావు. ఇంకొన్నాళ్లు ఓర్చుకో."

"అట్లనే సార్" అంది ఫోన్లో గొంతు.

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "ఇన్నేళ్లు ఇంతమందికి చెబితే ఒక్కడు విన్నాడు మాస్టారూ. ఆ ఒక్కణ్ణి కూడా చెడగొట్టమంటారా?"

"ఆ పిల్ల మాట్లాడటం మానేసింది సార్."

"మార్కులు చూడండి" అన్నాడు.

చూశాను. బాగున్నాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవండి. మార్కులు బాగున్నప్పుడు ఎవరూ ఎవరి మాటా వినరు. పిల్ల చిక్కిపోతోందని చెప్పినా, నవ్వడం లేదని చెప్పినా, ఒక కాగితం తీసి మీ ముందు పెడతారు. ఆ కాగితానికి ఎదురు చెప్పే మాట నా దగ్గర ఆ రోజు లేదు. ఇప్పుడైనా ఉందో లేదో నాకు తెలియదు.

నేను చేయగలిగింది చిన్నది, చేశాను. రోజూ క్లాసు అయ్యాక ఈశ్వరితో బస్టాండుకు నడిచి, బుడ్డలు కొనిపెట్టి, బస్సొచ్చేదాకా తెలుగులో మాట్లాడించాను. మొదట్లో చుట్టూ చూసి గుసగుసగా చెప్పేది. నాలుగు రోజులకు గొంతు పెరిగింది. అవ్వ సగంలో ఆపిన కథ అక్కడే చెప్పింది. ఒక పిల్ల గొర్రెలు కాస్తుంటే చిన్న గొర్రెపిల్ల ఒకటి తప్పిపోతుంది. వెతుక్కుంటూ పోయి పోయి, ఎవరూ లేని చోట ఒక దిగుడుబావి చూస్తుంది. లోపలి నుంచి గొర్రెపిల్ల అరుపు వినపడుతుంది. ఆ పిల్ల మెట్లు దిగుతుంది.

"తర్వాత?"

"తెలీదు సార్. అవ్వ ముడేసుకోనుండాది గదా" అని బుడ్డపొట్టు దులుపుకుని బస్సెక్కింది.

పరీక్ష రోజు

పరీక్ష కర్నూల్లో. సుంకన్న కూతుర్ని తెల్లవారుజాము బస్సులో తీసుకొచ్చాడు. నేనూ పోయాను. ఆమె లోపలికి పోయాక ఇద్దరం గేటు బయట గోడ నీడన కూర్చున్నాం. ఆయన మొహం నల్లబడి ఉంది. బెంగ పడుతున్నాడనుకుని, పాప బాగా రాస్తుందిలే అన్నాను.

"పాప రాస్తాది సార్" అన్నాడు. గేటు వైపే చూస్తూ, "మా యమ్మకు పక్షవాతం కొట్టె. పోయిన వారం. ఈడికే, పెద్దాస్పత్రికే తెచ్చినాం. కుడి చెయ్యి పాయ. మాట పడిపాయ. ఇంగ రాదన్నారు" అన్నాడు.

 "పాపకు తెలుసా?" అన్నాను.

"ఎట్ల చెప్పేది సార్? మేము మాట్లాడకనే ఉండాం గదా. జ్వరమని సైగ చేస్తిమి. మూతి వంకరపోయింది చూసింది. అవ్వ మాట్లాడదని పాపకు కొత్తగా ఏం తెలుస్తాది? ముందు నుంచీ ఎవురమూ మాట్లాడకపోతిమి."

మధ్యాహ్నం నోటి పరీక్ష కూడా అయి, పొద్దు వాలుతుండగా ఈశ్వరి బయటికొచ్చింది. సుంకన్న లేచి తువ్వాలు దులుపుకుని గేటు దాకా నడిచాడు. ఆ నెలలన్నీ ఆయన ఈ ఘడియ కోసమే కాచుకున్నాడని నాకు తెలుసు. ఏమంటాడో అని నేనూ చూస్తున్నాను. గొంతు సవరించుకున్నాడు.

"ఆకలైతాండాదా పాపా?" అన్నాడు.

ఆ పిల్ల తండ్రి మొహం చూసింది. మాట్లాడవచ్చో లేదో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

"యెస్, ఐ యామ్ హంగ్రీ" అంది.

సుంకన్న నా వైపు తిరిగాడు. "ఏమంటాది సార్ పాప?"

"ఆకలవుతోందంట" అన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అన్ని పనుల్లోనూ ఆ ఒక్క మాట చెప్పడమే నాకు కష్టమైంది.

పరీక్ష అయిపోయింది, ఇక తెలుగు మాట్లాడుకోవచ్చని ఆ పిల్లకు నేనే చెప్పాను. బస్సులో కోడుమూరు దాటేదాకా మెల్లగా, ఒక్కో మాటే మాట్లాడింది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. బర్రె ఈనిందా లేదా, కుళాయి దగ్గర ఆడవాళ్లు తనను చూసి ఏమనుకున్నారు, బుడ్డల బండామె కండక్టరును ఏం తిట్టింది, అన్నీ. సుంకన్న ప్రతిదానికీ ఊఁ కొడుతున్నాడు.

"ఇంగ అవ్వ గూడా మాట్లాడొచ్చు గదా నాయనా?" అంది.

సుంకన్న కిటికీలోంచి బయటికి చూశాడు. "జ్వరం తగ్గల్ల పాపా" అన్నాడు.

ముడి

వాళ్లతోపాటు నేనూ ఆ ఊళ్లో దిగాను. దిగకుండా ఉండవలసిందని ఇప్పుడు అనిపిస్తుంది. గేరిలో వాళ్లంతా ఆ పిల్లను పేరు పెట్టి పిలిచారు. ఎలా రాశావని ఒకామె, చిక్కిపోయావని ఒకామె. అందరికీ బదులు చెబుతూనే ఈశ్వరి ఇంట్లోకి పరుగెత్తింది.

గిడ్డమ్మ మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. కుడి చెయ్యి పక్కన పడేసినట్టుంది. కొంగు చివర ముడి అలాగే ఉంది. ఆమె వేయలేకపోతే కోడలు వేసి ఉండాలి.

"పరీక్ష అయిపాయవ్వా" అంది ఈశ్వరి. మంచం పట్టె మీద కూర్చుని, కొంగు తీసుకుని, పళ్లతో పట్టి లాగి ముడి విప్పింది. ముడతలు పడిన గుడ్డను ఒళ్లో పరిచింది. "ఇప్పేసినా. ఇంగ చెప్పు. ఆ పిల్ల బావిలోకి దిగింది. తర్వాత?"

గిడ్డమ్మ పెదవులు కదిలాయి. గొంతులోంచి ఏదో వచ్చింది, అది మాట కాదు. మనవరాలి మొహంలో రంగు మారడం ఆమె చూసింది. వెంటనే నోరు మూసుకుంది. పనిచేసే ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి, పెదవుల మీద వేలు అడ్డంగా పెట్టుకుంది. వంకరపోయిన మూతితోనే నవ్వింది. ఒక్కపొద్దు ఇంకా విడవలేదన్నట్టు.

"ఇంగేమీ లేదవ్వా, అయిపాయ. పెద్దసారేమీ అనడు" అంది ఆ పిల్ల. మళ్లీ మళ్లీ అదే చెప్పింది. అవ్వ వేలు తీయలేదు.

లక్ష్మీదేవి వంటింట్లోకి పోయింది. సుంకన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను చెప్పులు వేసుకుని బయటికొచ్చి, బస్సు దొరక్క చాలా దూరం నడిచాను. దారంతా ఏడ్చాను, దాచుకోవడానికేమీ లేదు.

మళ్లీ దసరా తర్వాత

ఈశ్వరికి సీటొచ్చింది. జూన్లో ట్రంకు పెట్టె పట్టుకుని వసతి బడికి పోయింది. గిడ్డమ్మ వానలు పడుతున్న రోజుల్లో పోయింది. పిల్లను తీసుకొచ్చారు, మట్టి అయ్యాక మళ్లీ పంపించారు.

ఆ ఏడు దసరా అయ్యాక తల్లిదండ్రుల మీటింగులో వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ఈశ్వరి ఫోటో. పెద్దసారు సుంకన్నను పిలిపించి తన పక్కన కుర్చీ వేయించాడు. వద్దని చెప్పాను. సన్మానం చేస్తుంటే వద్దంటారేమిటి మాస్టారూ అన్నాడు. గిడ్డమ్మ సంగతి ఆయనకు తెలుసు. ఆమె ఆఖరి నెలలకూ తన ఉపన్యాసానికీ సంబంధం ఉందని మాత్రం ఆయనకు తోచలేదు. ఆయన నిజంగానే సుంకన్నను గౌరవించాలనుకున్నాడు. ఈ పనిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది చెడ్డవాళ్లు కాదు, ఇలా మంచి మనసుతో వినకుండా ఉండేవాళ్లు.

పాలూ మజ్జిగా ఉపన్యాసం అయింది. "నమ్మకపోతే ఈయన్ను చూడండి. ఇన్ని నెలలు ఇంట్లో ఒక్క తెలుగు మాట మాట్లాడలేదు" అని శాలువా కప్పాడు. టౌను వాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక వరసల్లో కూర్చున్న పల్లెల వాళ్లు చప్పట్లు కొట్టలేదు. ముందుకు వంగి, సుంకన్న మొహంకేసి చూస్తున్నారు. వాళ్ల చూపు చూసి నాకు భయం వేసింది. వీళ్లు ఈ రాత్రే ఇంటికి పోయి నోళ్లు మూసుకుంటారు అనుకున్నాను.

పెద్దసారు మైకు సుంకన్న చేతికిచ్చాడు. ఆయన దాన్ని నోటికి దూరంగా పట్టుకున్నాడు. శాలువా భుజం మీది నుంచి తీసి, మడత పెట్టి, కుర్చీలో పెట్టాడు.

"మాట్లాడండప్పా" అన్నాడు. "మీ పిల్లోల్లతో ఇంట్లో మాట్లాడండి. తిట్టండి, కొట్లాడండి, ఏమన్నా చేయండి. మేము మాట్లాడకపోతిమి. పాపకు సీటొచ్చె. అది పాప కష్టానికొచ్చె, మేము మాట్లాడనందుకు గాదు."

పెద్దసారు మైకు కోసం చెయ్యి చాపాడు. సుంకన్న ఇవ్వలేదు.

"ఇంగొక మాట. మీరంతా శానా ఊర్ల నుంచి వచ్చినారు. మా యమ్మ ఒగ కథ చెప్తాండె. గొర్రెపిల్ల తప్పిపోతే ఒగ పిల్ల ఎతుక్కుంటా దిగుడుబావిలోకి దిగుతాది. ఆడికి నిలిపె. మా పాప హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఆ పిల్ల పైకొచ్చిందా నాయనా అని అడుగుతాది. నాకు తెలీదు. మీ ఇండ్లల్లో ముసలోళ్లకు ఎవురికన్నా తెలిసుంటే కొంచెం చెప్పండి."

ఆయన మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. హాలంతా వెనక వరస నుంచి ముందు వరసదాకా చూశాడు, ఆఖరికి నా వైపు చూశాడు.

ఎవరూ ఏమీ చెప్పలేదు.